బీరుల పచ్చిపులుసు

మొన్న శ్రావణంల నా బిడ్డ పోయింది. డెంగీ జ్వరం. జ్వరం దిగిందని మేం సంబురపడ్డ తెల్లారే పోయింది.

తార్నాకల దవాఖాన అది. పొద్దుగాల డాక్టరమ్మ లోపల్నుంచి వచ్చి, ఇంట్ల మగోళ్లు ఎవరన్న ఉన్నరా అని అడిగింది. నేను తలుపు కాడనే నిలవడ్డ. నాకు చెప్పలే. మా ఆయనను జర అవతలికి తీస్కపోయి మెల్లగ చెప్పింది. నాకు ఒక్క ముక్క ఇనవడలే. ఆయన చెప్పులు విడిచి, గాడనే మెట్ల మీద కూసున్నడు. గుడి మెట్లు గావు, ఇంటి గడప గాదు. దవాఖాన మెట్ల మీద చెప్పులిడిచి ఎవరు కూసుంటరు? గప్పుడు నాకు సమజయింది.

దానితోని చదువుకున్న పిల్లలు దాని యాదిల చిన్న పుస్తకం వేస్తున్నరు. సార్లు రాస్తున్నరు, దోస్తులు రాస్తున్నరు, నువ్వు గూడ రాయాలె ఆంటీ అని ఇంటికొచ్చి కాయితాలిచ్చి పోయిన్రు. నేను ఐదు దాక చదివిన. అది ఎంత మంచిగ చదివేదో, ల్యాబుల ఏం పని చేసేదో సార్లు రాస్తరు. గా సంగతులు నాకు తెల్వయి. నాకు తెలిసింది రాస్త. చదివేటోళ్లు తప్పులుంటె సర్దుకోండ్రి.

మేం మాణికేశ్వర్ నగర్ల ఉంటం. ఊరిడిచి వచ్చినప్పుడు అది నా సంకల ఉండె. మా ఆయన ఆటో నడుపుతడు. నేను క్యాంపస్‌ల ఆడపిల్లల హాస్టల్ మెస్సుల కూరగాయలు కోస్త. అది గా క్యాంపస్‌లనే డిగ్రీ చేసింది, అండ్లనే ఎమ్మెస్సీల చేరింది. పగటి బువ్వ యాళ్లకు మెస్సు ఎనక తలుపు కాడికి వచ్చేది. ఒక్కతే వచ్చేది గాదు, దోస్తులను ఎంటేసుకొని వచ్చేది. నేను చెమటకు తడిసి, చేతులకు ఉల్లిగడ్డ వాసనతోని ఉంటె, అందరి ముంగట నన్ను పట్టుకొని, "గీమె మా అమ్మ. మీరు సాంబార్ల ముక్కలు పెద్దగున్నయని రోజు తిట్టుకుంటరు గద, తిట్టేది గీమెనే" అనేది. పిల్లలు సిగ్గుపడి నమస్తే ఆంటీ అనేటోళ్లు. నేను తిట్టేదాన్ని, గట్ల చెప్తరా అని. తెల్లారి నుంచి ముక్కలు చిన్నగ కోసేదాన్ని.

దాని తిండి సంగతి చెప్పాలె. పచ్చిపులుసు ఉంటె దానికి వేరే కూర అక్కర లేదు. గిన్నె ఎత్తి తాగేది. చింతపండు పిసికి, పచ్చి మిరపకాయలు పొయ్యి మీద కాల్చి, ఉప్పు జీలకర్రతోని నలిపి పిండుకునేదే గద పచ్చిపులుసు, అండ్ల ఏమున్నది? గని మా ఇంట్ల బీరుల పచ్చిపులుసు పోసుకొని తాగినం నేనూ నా బిడ్డ. ఇది సార్లెవరు రాయరు. వాళ్లకు తెల్వది. తెలిసినా రాయరు.

అది డిగ్రీల ఉన్నప్పుడు బోనాల పండుగ నాడు మొదలైంది. డాబా మీద మా ఆయన, మా ఆడిబిడ్డ మొగడు, వాడకట్టు మగోళ్లు కూసొని తాగుతున్నరు. మా ఆడిబిడ్డ అంటె మా ఆయన అక్క, గోల్నాకల ఉంటది. మేమిద్దరం కింద పొయ్యి కాడ ఉన్నం. మాంసం ఉడుకుతనే ఉన్నది, పైనుంచి పిలుస్తనే ఉన్నరు, ఇంక రెండు ముక్కలు పంపు, ఇంక జర పులుసు పంపు అని. నా బిడ్డ పళ్లేలు మోసుకుంట మెట్లెక్కుతది, దిగుతది. ఒకసారి దిగొచ్చి నా మొకం చూసి, "అమ్మా, పైన సీసలు ఒడుస్తలేవు, కింద నీ చెమట ఒడుస్తలేదు" అన్నది. మా ఆడిబిడ్డ నవ్వింది.

నేను దానికి మా ఊరి ముచ్చట్లు చెప్పేదాన్ని. నాట్లేసి ఒడ్డెక్కినంక, కల్లు గీసేటాయన లొట్టి దించితె, మా అవ్వ, చిన్నమ్మలు, నేను, అందరం వరుసగ కూసొని తాటాకు రేకల తాగేటోళ్లం. మగోళ్లు తాగాలె, ఆడోళ్లు తాగొద్దని లేకుండె. పచ్చి మిరపకాయ ఉప్పుల అద్దుకొని కొరికేది. ఒళ్లు నొప్పులు గాడనే దిగిపోయేటియి. పట్నమొచ్చినంక అది పోయింది. ఇక్కడి కల్లు ఒకసారి తాగిన, రెండొద్దులు తల లేవలే, ఏం కలుపుతరో ఏమో. అంతె, మానుకున్న. ఇది నేను ఏడ్సుకుంట చెప్పలే, ఉత్తగనే చెప్పిన. అది మనసుల పెట్టుకున్నది.

పండుగ అయినంక వచ్చిన ఆదివారం పగటీలి కాలేజీ బ్యాగుల నుంచి పాత పేపర్ల చుట్టిన సీస తీసింది.

"ఏందే ఇది?" అన్న.

"నీ కల్లు" అన్నది.

ఒక గుటక తాగిన. చేదు. గొడ్డుకు తాపే మందు లెక్కున్నదని ఉమ్మేసిన. అది పడి పడి నవ్వి, ఫోన్ల ఒక వీడియో చూపిచ్చింది. మెక్సికో అని ఏదో దేశముందట. గాడ బీరుల టమాట రసం, నిమ్మకాయ, ఉప్పు, కారం కలుపుకుంటరు, గిలాస అంచుకు గూడ ఉప్పుకారం అద్దుకుంటరు. అది పొయ్యి దిక్కు చూసింది. గిన్నెల పచ్చిపులుసు ఉన్నది. నా దిక్కు చూసింది. "అమ్మా, వాళ్లకు పచ్చిపులుసు తెల్వక టమాట పోసుకుంటున్నరే" అన్నది.

మొదటిసారి అంతా ఖరాబయింది. పోపు పెట్టిన పచ్చిపులుసు పోసినం. నూనె పైకి తేలింది, నురగ గాడనే సచ్చింది. ఉల్లిగడ్డ ముక్క దాని గొంతుల ఇరికి, కండ్ల నీళ్లొచ్చేదాక దగ్గింది. రెండోసారి పోపు లేకుంట చేసినం గని, ఒక్కసారే గుమ్మరిస్తె ఉప్పుకు బీరు పొంగి గచ్చంత పారింది. ఇద్దరం పాత గుడ్డలతోని తుడుసుకుంట నవ్వుకున్నం.

తర్వాత కుదిరింది. చింతపండు చిక్కగ పిసకాలె. పచ్చి మిరపకాయలతోని ఒక టమాటను గూడ పొయ్యి మీద నల్లగయ్యేదాక కాల్చి, పొట్టు తీసి, ఉప్పు, జీలకర్ర, రెండు ఎల్లిపాయ రెబ్బలు ఏసి నలపాలె. ఉల్లిగడ్డ లేదు, పోపు లేదు. తెల్లగుడ్డల వడగట్టి, చల్లగ పెట్టాలె. గిలాస అంచుకు నిమ్మచెక్క రుద్ది, పళ్లెంల పోసిన ఉప్పుకారంల బోర్లించాలె. అడుగున రెండు వేళ్ల మందం పచ్చిపులుసు. అప్పుడు గిలాసను వంచి, బీరును అంచెంబడి సన్నగ దించాలె. పచ్చిపులుసు వంతు నాది, పోసే వంతు దానిది. నేను పోస్తె "వంచమ్మా, ఇంక వంచు, మెల్లగ" అని పానం తీసేది. ఒకటే సీస, ఇద్దరికి సగం సగం. అంతకు మించి ఎన్నడు లేదు. "నోరు మండాలె, కడుపు చల్లవడాలె" అని మొదటి గుటకకు ముందు అనేది, దేవునికి దండం పెట్టుకున్నట్టు.

తాగినంక మూతికి ఉప్పుకారం అంటుకునేది. పక్కనే గుడ్డ ఉన్నా తీసుకోకపోయేది. నా కొంగు గుంజుకొని ఇటోసారి, అటోసారి తుడుచుకునేది. నా నూలు చీరల కొంగులన్నిటికి ఎర్రటి మరకలు అయినయ్. మెస్సుల అడిగేటోళ్లు, కొంగుతోని మిరపకాయలు నూరుతవా అని.

మా ఆయన ఆదివారం పగటీలి ఆటో నిలిపి ఇంటికొస్తె మేం గిలాసలు పట్టుకొని ఉండేటోళ్లం. ఆయన మమ్ముల చూడనట్టే కాళ్లు కడుక్కునేటోడు. అది ఊకుంటదా, "నాయినా, ఒక గుటక చూడు" అని ఎంటవడేది. ఆయన, "పచ్చిపులుసు బువ్వల పోసుకునే జాతి మనది. సీసల పోసుకునేటోళ్లను మిమ్ములనే చూస్తున్న" అని తువ్వాల మొకం మీద కప్పుకొని పండుకునేటోడు. తువ్వాల కింద నవ్వేటోడు, పొట్ట ఊగేది.

సీస తార్నాకల వైన్స్‌ల అదే కొనుక్కొచ్చేది. మగపిల్లలు గుమిగూడి ఉంటరు, నీకెందుకే, నాయినను తెమ్మందామంటె ఇనకపోయేది. కాలేజీ కార్డు మెడల ఏసుకొని పోయి, మంది నడుమ నిలవడి, "అన్నా, ఒక లైట్ బీరు, చల్లటిది, మా అమ్మకు" అని గట్టిగ అడిగేదట. మొదట్ల చూసి నవ్వినోళ్లు తర్వాత దారిచ్చేటోళ్లట. దుకాణమాయన దాని కోసమని ఫ్రిజ్ల ఎనకకు ఒకటి దాచి పెట్టేటోడట. ఇవన్నీ అదే చెప్పింది, నేను చూడలే.

జ్వరం వానలకు వచ్చింది. మా గల్లీల ఇంటింటికీ ఉండె. దాని దోస్తులు వచ్చి రక్తమిచ్చిన్రు. జ్వరం దిగిన నాడు కండ్లు తెరిచి మంచిగ మాట్లాడింది. మా ఆయన గల్లీల అందరికి ఫోన్లు చేసిండు, తగ్గిందని. బువ్వ నోట్ల పెడితె ముద్ద దించలే.

"నోరంత చేదున్నదమ్మా. ఆదివారం చేసుకుందాం. మిరపకాయలు జర ఎక్కువ కాల్చు."

సరె అన్న. దాని నోటెంబడి నాతోని వచ్చిన ఆఖరు మాట అదే. సాయంత్రానికి కడుపు నొప్పన్నది, లోపలికి తీస్కపోయిన్రు.

పెండ్లి గాలేదని దాన్ని మట్టిల పెట్టినం. రైలుపట్టాల అవతల, సీతాఫల్‌మండి దిక్కు శ్మశానంల.

మా దిక్కు మూడొద్దుల నాడు పిట్టకు పెడ్తరు. పోయినోళ్లకు ఏది పానమో అది వండి, విస్తారిల పెట్టి, సమాధి కాడ ఉంచి అందరం దూరం జరుగుతం. కాకొచ్చి ముట్టాలె. ముట్టితె, పోయినోళ్లు తృప్తిగ సాగిపోయినట్టు. ముట్టకపోతె, ఏదో కోరిక మిగిలి గాడనే తిరుగుతున్నట్టు. దానికి అన్నీ పెట్టినం. బిర్యాని, ఉడకపెట్టిన గుడ్డు, చాక్లెట్లు, కూల్‌డ్రింకు. దాని దోస్తు ఒకామె పానీపూరి తెచ్చింది. క్యాంపస్ నుంచి సారు ఒకాయన వచ్చిండు. అందరం గోడ పక్కకు నిలవడ్డం.

కాకి రాలే. ఈ పట్నంల కాకులు యాడున్నయ్, అన్నీ పావురాలే. గుంపుగ దిగినయ్, మా ఆడిబిడ్డ చెయ్యి ఊపుకుంట కొట్టింది. "ఆంటీ, పావురం పనికి రాదా" అని ఆ దోస్తు పిల్ల నన్ను మెల్లగ అడిగింది. పాపం దానికి తెల్వది. ఎండెక్కింది. దూరం చెట్టు మీద ఒక కాకి కూసున్నది, చూస్తది గని దిగది. నలుగురు గుసగుస పెట్టిన్రు. మా ఆడిబిడ్డ కండ్లు తుడుచుకొని, పిల్లకు పెండ్లి కోరికుండిపోయింది, అందుకే దిగుతలేదన్నది. అందరు తలలూపిన్రు. ఎవరో ఉరికి పోయి పసుపు కుంకుమ, ఆకుపచ్చ గాజులు తెచ్చిన్రు. విస్తారి పక్కకు పెట్టిన్రు. నేను చూస్తనే ఉన్న. నా బిడ్డ గాజులేసుకోదు. చిన్నప్పుడు ఏస్తె పండ్లతోని గుంజి పడేసేది.

కాకి దిగలే.

నేను మా ఆడిబిడ్డ దగ్గరికి పోయి, "వదినె, అది బీరు తాగేది" అన్న.

"మెల్లగ మాట్లాడు. సారు నిలవడ్డడు."

"మీ ఆయన పోయినప్పుడు నువ్వు క్వార్టర్ మందు పెట్టినవ్ గద. సిగరెట్ ముట్టిచ్చి పెట్టినవ్."

"మగోని సంగతి వేరు, మరదలా" అన్నది. కోపంగ అన్లే, నా చెయ్యి పట్టుకొని అన్నది. "పోయినంక గూడ పిల్ల పేరు ఖరాబు చేస్తవా?"

ఆమె దాన్ని ఎత్తుకొని పెంచింది, ఆమె బాధ ఆమెది. దాని దోస్తులు, సారు, గల్లీ అంతా గాడనే ఉన్నది. రేపు వీళ్లు దాన్ని ఏమని యాది చేసుకుంటరు?

మా ఆయన అప్పటిదాక గోడ పక్కకు కింద కూసొని ఉండె. లేచిండు. చెప్పులేసుకున్నడు. నా దగ్గరికొచ్చి, "లైట్‌దే గద?" అన్నడు.

అవునన్న.

"నువ్వు ఇంటికి పోయి పులుసు పిసుకు. నేను తెస్త" అన్నడు. ఆయన అక్క మొకం చూడకుంట పోయిండు.

దోస్తు పిల్ల నన్ను బండి మీద ఇంటికి తీస్కొచ్చింది. చింతపండు నానపెట్టిన. మిరపకాయలు కాల్చిన, జర ఎక్కువనే. ఘాటుకు ఆ పిల్ల దగ్గుకుంట బయటికి పోయింది. నేనొక్కదాన్నే మిగిలిన. గప్పుడు నాకు భయమయింది. పిట్ట ముట్టకపోతె, అది ఇంక గీడనే ఏడనో తిరుగుతున్నట్టు. ఇంటి సుట్టు, మెస్సు ఎనక తలుపు కాడ, నేను ఉల్లిగడ్డలు కోస్తుంటె నా పక్కకు. ముట్టితె ఇగ లేదు. నేను ఈ పులుసు పిసికితె నా చేతులతోని నేనే దాన్ని సాగదోలినట్టు. చెయ్యి చింతపండుల పెట్టుకొని గట్లనే కూసున్న. పారబోసి, దొరకలేదని చెప్తె ఎవరడుగుతరు? ఏ తల్లి నన్ను తప్పు పడ్తది?

గని దాని నోరు చేదున్నదన్నది. ఆదివారం అన్నది, నేను సరె అన్న. దాన్ని చేదు నోటితోని ఎట్ల తిరగనియ్యాలె?

పిసికిన. వడగట్టిన. ఉప్పు చూసిన.

మా ఆయన సీస పట్టుకొని వచ్చిండు, దాని లెక్కనే పాత పేపర్ల చుట్టి. మొకం తేడగున్నది. ఏమయిందన్న. సీస కింద పెట్టి చెప్పిండు. ఆయన గూడ లైట్, చల్లటిది అని అడిగితె దుకాణమాయన ఆటో దిక్కు, ఈయన దిక్కు చూసి, "పాప రాలేదా" అని అడిగిండట. ఏం చెప్పినవ్ అంటె, రాలేదని చెప్పిన అన్నడు.

మళ్ల పోయినం. ఎవరు పోలే, అందరు గట్లనే నిలవడి ఉన్నరు. నేను మట్టి కాడ కూసొని, గిలాస అంచుకు నిమ్మచెక్క రుద్దిన. ఉప్పుకారంల అద్దిన. రెండు వేళ్ల మందం పులుసు పోసిన. సీస మూత మా ఆయన తీసిండు. ఎనక ఎవరో, పిల్ల గిది తాగేదా అన్నరు. నేను తిరిగి చూడకుంటనే, అందరికి ఇనవడేటట్టు చెప్పిన.

"నాకోసమని తెచ్చేది. నాతోని తాగేది. సగం నాకే పోసేది."

గిలాస వంచిన. బీరు నిలువుగ పడ్డది, నురగ పొంగవట్టింది. ఇంక వంచిన. మెల్లగ. నురగ అంచు దాక వచ్చి ఆగింది. నాకు తెలిసి అంత మంచిగ నేను ఎన్నడు పోయలే.

విస్తారి పక్కకు పెట్టి గోడ దాక నడిచిన. పావురాలు మళ్ల దిగినయ్. మా ఆడిబిడ్డ మొకం అటు తిప్పుకొనే ఉన్నది గని, కొంగు ఊపుకుంట పావురాలను కొట్టింది. రైలు ఒకటి పోయింది. అది పోయినంక కాకి దిగింది.

బిర్యాని ముట్టలే. గాజుల మీదికెళ్లి దుంకి గిలాస కాడికి వచ్చింది. మెడ అటిటు తిప్పి చూసింది. అంచు మీది ఉప్పుకారం పొడిచింది. గా తర్వాత ముక్కు లోపల పెట్టింది. గిలాస ఒరిగి పడ్డది. ఉన్నదంతా మట్టిలకు ఇంకిపోయింది.

ముట్టింది, ముట్టింది అన్నరు. అందరు ఊపిరి తీసుకున్నరు, చెప్పులు వెతుక్కుంటున్నరు. సారు వచ్చి నాకు దండం పెట్టిండు. మా ఆడిబిడ్డ నన్ను పట్టుకొని, ఇగ పద మరదలా, పోయింది పిల్ల, మంచిగ పోయింది అన్నది. మా ఆయన ఖాళీ సీస చేతుల పట్టుకొని నిలవడ్డడు, ఎక్కడ పెట్టాల్నో తెల్వక.

నేను కదల్లే. కాకి ఎగిరి గోడ మీద, నాకు చెయ్యందేటంత దూరంల కూసున్నది. ముక్కుకు ఎర్రగ కారం అంటుకొని ఉన్నది. నా కొంగు నా చేతులనే ఉన్నది. కాకి ముక్కును గోడకు ఇటోసారి, అటోసారి తుడుచుకొని, క్యాంపస్ చెట్ల దిక్కు పోయింది.